లదేణి నడిపినోళ్లం: ఉద్యోగం వదిలి సొంత పని పెట్టాలన్న ఆలోచన మనకు ఎక్కడి నుంచి వస్తోంది?

 

తీజ్‌కో, సీత్లా పండక్కో తండాకు వచ్చినప్పుడు మనోళ్ల మధ్య ఈమధ్య ఒక మాట ఎక్కువగా నడుస్తోంది. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి సామాన్లు అందించే యూనిట్లలో పని చేసేటోళ్లు, హిందూపురం బట్టల ఫ్యాక్టరీల్లో మిషన్ తొక్కే చెల్లెళ్లు, బెంగళూరులో డ్రైవర్లుగా, బేల్దార్లుగా, ఆఫీసుల్లో ఉన్నోళ్లు, అందరిదీ అదే మాట. "ఎన్నాళ్లురా ఈ జీతం? సొంతంగా ఏమైనా పెడితే పోలా?" అని. ఆ వెంటనే పెద్దోళ్ల నుంచి జవాబు వస్తుంది: "మనకు యాపారం యాడ వస్తాది? అది షావుకార్ల పని. ఉన్న పని చేసుకోండి."

ఆ జవాబులో సగం భయం, సగం ప్రేమ. రెండూ అర్థమయ్యేవే. కానీ "మనకు వ్యాపారం రాదు" అన్న మాట మాత్రం చరిత్రలో నిలబడదు. ఉద్యోగి మనసులో సొంత పని ఆలోచన ఎందుకు పుడుతుందో పుస్తకాలు చాలా కారణాలు చెబుతాయి. మన విషయంలో ఇంకొకటి కలుపుకోవాలి. మనం జీతానికి కొత్త, వ్యాపారానికి పాత. ఈ పోస్టులో ఆ సంగతి రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

లదేణి అంటే ఏమిటి

మన గోర్ బోలీలో లదేణి అంటే ఎద్దుల మీద సరుకు వేసుకుని దేశం తిరగడం. చిన్నప్పుడు పాటల్లో, ముసలమ్మల మాటల్లో విన్నాం గానీ అదొక పెద్ద వ్యాపార వ్యవస్థ అని మనకు బడిలో ఎవరూ చెప్పలేదు.

17వ శతాబ్దంలో మన దేశంలో తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే బంజారాల బిడారుల గురించి రాశాడు. ఒక్కో బిడారులో పది, పన్నెండు వేల ఎద్దులు ఉండేవని, బియ్యం, ధాన్యం, ఉప్పు మోసేవని ఆయన రాసిన మాట. లెక్క వేసి చూడండి. ఒక ఎద్దు మీద నూరు కిలోలే అనుకున్నా, పది వేల ఎద్దులంటే వెయ్యి టన్నులు. పది టన్నుల లారీలు నూరు వరసగా పోతే ఎంతో అంత. దాన్ని నడిపింది ఏ కంపెనీ కాదు, నాయక్ చెప్పినట్టు నడిచే తండాలు.

మొఘల్ సేనలు దక్కనుకు వచ్చినప్పుడు వాళ్ల వెంట ధాన్యం తెచ్చింది మనోళ్లే. టిప్పు సుల్తాన్ మీద 1791–92లో కారన్‌వాలిస్, 1799లో ఇంగ్లీషు సేనలు యుద్ధానికి పోయినప్పుడూ బంజారా ఎద్దుల మీదే తిండి నడిచింది. ఏ రాజు గెలిచినా సరుకు మాత్రం మన ఎద్దుల మీదే కదిలింది. అందుకే యుద్ధంలో రెండు పక్షాలూ బంజారాల జోలికి పోకుండా ఉండేవని చెబుతారు.

మన జిల్లాతో దీని బంధం చాలా దగ్గరది. సేవాలాల్ మహారాజ్ 1739 ఫిబ్రవరి 15న గుత్తి ప్రాంతంలో, ఇప్పుడు మనం సేవాగఢ్ అని పిలుచుకునే చోట పుట్టారని మన నమ్మకం. ఏటా ఆ రోజు అక్కడికి పోయి భోగ్ పెడతాం. ఆయన తండ్రి భీమా నాయక్ పెద్ద పశుల మందలున్న నాయకుడని మన కథలు చెబుతాయి. గుత్తి అంటే అప్పట్లో కోట ఒక్కటే కాదు. అటు కర్నూలు, ఇటు బళ్లారి, కింద కడప, పైన రాయచూరు, ఇన్ని దారులు కలిసే చోటు. ఉప్పు సముద్రం వైపు నుంచి పైకి రావాలి, నల్లరేగడి పత్తి, ధాన్యం కిందికి పోవాలి. వాన తక్కువ ఉన్న ఈ పీఠభూమిలో ఒక ఊర్లో పంట పోతే ఇంకో ఊరి గింజలు తెచ్చేది లదేణే. కరువు నేలలో వ్యాపారి అంటే ప్రాణం నిలిపేవాడు కూడా.

ఆ వ్యాపారం ఎట్లా గిట్టుబాటు అయ్యింది

బరువు మోసే ఎద్దు రోజుకు పది పదిహేను కిలోమీటర్లకు మించి నడవదు. అంత నెమ్మది రవాణా ఎట్లా లాభం తెచ్చింది? చరిత్రకారులు చెప్పే కారణం మేత. ఎద్దులు దారి పొడుగునా బీళ్లలో, అడవుల్లో మేసుకుంటూ పోయేవి. మేతకు దుడ్లు కట్టే పని లేదు. బండి రవాణా కంటే ఇది చవక. పిల్లా పెద్దా ఆడా మగా అందరూ బిడారుతోనే ఉంటారు కాబట్టి కూలి ఖర్చూ విడిగా లేదు.

అంటే లదేణి నాలుగు కాళ్ల మీద నిలబడింది. ఒకటి ఎద్దు, అది పెట్టుబడి. రెండు ఉచిత మేత, అది నడిపే ఖర్చును తగ్గించింది. మూడు దారి, అంటే ఎక్కడ ఏది చవక, ఎక్కడ ఏది కొరత అన్న సమాచారం. నాలుగు తండా, నష్టం వస్తే అందరూ పంచుకునే గుంపు. ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వీటి అవసరం ఉంది.

ఎరుకల మిత్రులారా, మీ పెద్దోళ్లదీ ఇదే కథ. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగి ధాన్యానికి మార్చినోళ్లు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన తన పుస్తకంలో మద్రాసు ప్రెసిడెన్సీ కొరవ, ఎరుకల వాళ్ల ఈ ఉప్పు వ్యాపారం ఎట్లా పోయిందో వివరంగా రాశారు. ఇంగ్లీషు చదవగలిగినోళ్లు తప్పకుండా వెతికి చదవండి.

కాళ్లు ఒక్కొక్కటిగా ఎట్లా విరిగాయి

నిజాం 1800లో ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దత్త మండలాలు అన్న పేరు వచ్చింది. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం మొదలైంది. మన మెయిన్ సరుకు సర్కారు చేతికి పోయింది. అయినా ఎద్దులు నడిచాయి, ఎందుకంటే సర్కారు ఉప్పునైనా పైకి మోయడానికి వేరే దారి లేదు.

ఆ దారి 1871లో వచ్చింది. మద్రాసు నుంచి వచ్చిన రైలు మన గుత్తి, గుంతకల్లు మీదుగా పోయి రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. ఎద్దుకు వారాలు పట్టే దూరం రైలుకు ఒక్క రోజు. స్టేషన్ పక్కన గోడౌన్ పెట్టుకున్న వర్తకుడికి ఇక నాయక్‌తో పని లేకపోయింది.

తర్వాత 1876–78 మహా కరువు. అప్పటికి అనంతపురం విడి జిల్లా కాదు, బళ్లారిలో భాగం. 1882లోనే విడిపోయింది. ఆ కరువులో ఈ పీఠభూమి మీద మనుషులు, పశువులు లెక్కలేనంత మంది చచ్చిపోయారు. ఎద్దు చస్తే లదేణికి పెట్టుబడి పోయినట్టే. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల్లో మగమనిషి రోజు కూలిని ఒక పౌను గింజలు, ఒక అణాకు తగ్గించాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. గింజలు మోసి అమ్మినోళ్ల నేలలో గింజలే కూలిగా కొలిచి ఇచ్చిన రోజులు అవి.

1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. అడవులు రిజర్వు అయ్యాయి, మేతకు అనుమతి, రుసుము వచ్చాయి. ఉచిత మేత అనే కాలు అట్లా విరిగింది.

ఇక చివరి దెబ్బ నేరస్థ తెగల చట్టం. అది కూడా 1871లోనే పుట్టింది, మద్రాసు ప్రెసిడెన్సీకి 1911లో వచ్చింది. ఎరుకల వాళ్లను గుంపులు గుంపులుగా రిజిస్టర్లలో ఎక్కించారు. దేశంలో పలుచోట్ల బంజారా గుంపులనూ ఎక్కించారు. హాజరు ఇవ్వాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. తిరగడమే పెట్టుబడి అయిన వ్యాపారానికి తిరగడమే నేరం అయ్యింది. దారి అనే కాలు, తండా అనే కాలు రెండూ ఈ చట్టం కింద నలిగాయి. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయ్యింది.

మనం మొదటిసారి ఉద్యోగులం ఎప్పుడయ్యాం

ఇది బాధగా ఉన్నా చెప్పుకోవాలి. 1913–14 ప్రాంతంలో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచారు. సాల్వేషన్ ఆర్మీ దాన్ని నడిపింది. అక్కడి వాళ్లను చీరాల పొగాకు కంపెనీ పనికి పంపారు. నిన్నటి దాకా సొంత బేరం చేసుకున్నోళ్లు పోలీసు నిఘా కింద ఫ్యాక్టరీ కూలీలయ్యారు. ఆ ఉద్యోగం వాళ్లు ఎంచుకున్నది కాదు, వాళ్లను పెట్టింది.

మన తండాల్లో సంగతి వేరేగా జరిగింది. ఎద్దులు పోయినోళ్లు కొండల పక్కన గరుసు నేలల్లో ఆగిపోయారు. కట్టెలు కొట్టారు, రాళ్లు కొట్టారు, రెడ్డి ఇంట్లోనో ఇంకొకరి ఇంట్లోనో జీతానికి కుదిరారు. "జీతం" అన్న మాట చూడండి. మన సీమలో జీతగాడు అంటే ఏడాదికి ఇంత అని ఒక ఇంట్లో పనికి కుదిరినవాడు. ఆఫీసులో నెలనెలా వచ్చేదానికీ అదే మాట. మన తాతలకు జీతం అంటే కట్టుబడి, మన అమ్మానాన్నలకు జీతం అంటే గౌరవం. ఒకే మాట రెండు తరాల్లో ఇంత మారింది.

ఎందుకు మారిందంటే రిజర్వేషన్, చదువు, సర్కారు ఉద్యోగం. ఏ రైలు అయితే మన లదేణిని తీసేసిందో, అదే రైల్వేలో గుంతకల్లు డివిజన్‌లో ఒక ఉద్యోగం వస్తే తండా మొత్తం సంబరపడింది. టీచరు పోస్టు, కానిస్టేబుల్ పోస్టు అంతే. పోలీసును చూసి దాక్కున్నోళ్ల ఇంట్లో ఒకరు యూనిఫాం వేసుకున్నారు. కాబట్టి "ఉద్యోగం వదలొద్దురా" అని అమ్మానాన్న అంటే వాళ్లను తక్కువ చేసి మాట్లాడొద్దు. వాళ్లు కాపాడుతున్నది నెల జీతం ఒక్కటే కాదు.

మరి ఇప్పుడు ఆలోచన ఎందుకు పుడుతోంది

మనోళ్ల మాటలు విన్న మేరకు, చదివిన మేరకు కారణాలు ఇవి.

మొదటిది, ఇప్పుడు దొరికే ఉద్యోగం పాత ఉద్యోగం కాదు. కియా కంపెనీతో 2017లో ఒప్పందం జరిగి, 2019లో కార్లు బయటికి వచ్చాయి. మన ప్రాంతానికి అది పెద్ద మార్పే. కానీ అలాంటి ఫ్యాక్టరీల చుట్టూ మనోళ్లకు ఎక్కువగా దొరికేది కాంట్రాక్టర్ కింద పని. రెండేళ్లకో మూడేళ్లకో మళ్లీ మొదటికే. జీతంలో భద్రత లేనప్పుడు సొంత పనిలో ఉన్న రిస్క్ అంత పెద్దగా కనపడదు.

రెండోది, పైకి పోయే మెట్టు ఉండదు. పదేళ్లు మిషన్ తొక్కినా చెల్లెలు టైలరే. సూపర్‌వైజర్ బయటి నుంచి వస్తాడు. పని అంతా నాకు తెలుసు, మాట మాత్రం నాది కాదు అన్న కోపం చాలామందిని ఆలోచింపజేస్తుంది. ఇది మనకే కాదు. 1957లో అమెరికాలో షాక్లీ అనే నోబెల్ శాస్త్రవేత్త కంపెనీలో ఎనిమిది మంది ఇంజనీర్లు ఆయన పెత్తనం, ఆయన ఎంచుకున్న దారి నచ్చక ఒకేసారి బయటికి వచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమికండక్టర్ పెట్టారు. వాళ్లలో ఇద్దరు 1968లో అక్కడి నుంచీ బయటికొచ్చి ఇంటెల్ పెట్టారు. జీతం చాలక కాదు వాళ్లు వదిలింది, మాట చెల్లక.

మూడోది, పని లోపలే పని తెలుస్తుంది. సరుకు ఎక్కడి నుంచి వస్తుంది, ఎంతకు కొంటారు, ఎంతకు అమ్ముతారు, ఎవరికి అప్పు ఇస్తారు, ఇవన్నీ ఉద్యోగికి కళ్ల ముందే జరుగుతాయి. లదేణిలో పిల్లోడు ఎద్దు వెంట నడిచి దారి నేర్చుకున్నట్టే. ఇన్ఫోసిస్ పెట్టిన ఏడుగురూ 1981కి ముందు పట్నీ కంప్యూటర్స్‌లో ఉద్యోగులే. అక్కడ నేర్చుకున్నదే వాళ్ల అసలు పెట్టుబడి. ఇంకో సంగతి, నారాయణమూర్తి గారి చేతిలో పడిన మొదటి పది వేలు ఆయన భార్య సుధామూర్తి గారు దాచుకున్న దుడ్లు. ఇంట్లో ఇంకొకరి సంపాదన ఉంటేనే ఒకరు ధైర్యం చేయగలరు.

నాలుగోది, ఊరు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. శెనక్కాయ వేసి మూడేళ్లలో రెండేళ్లు ఏడ్చిన ఇళ్లు మనవి. కదిరి వైపు తండాల నుంచి బెంగళూరుకు, కేరళకు వలస పోయినోళ్లు ఎంతమందో. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే, అది ఊరికే కాదు. ముసలోళ్లు ఇంట్లో, పిల్లలు హాస్టల్లో, మనం బెంగళూరు రేకుల షెడ్లో. "ఊర్లోనే బతికే దారి ఏదైనా ఉంటే" అన్న కోరికే చాలామందికి అసలు కారణం. ఈ కోరికలో డబ్బు కంటే మనుషులు ఎక్కువ.

ఐదోది, బలవంతం. పని పోయింది, వేరే పని దొరకలేదు, కాబట్టి చిల్లర కొట్టు పెట్టాం. దీన్ని కూడా సొంత వ్యాపారం అనే లెక్క వేస్తారు. కానీ ఇష్టపడి పెట్టింది వేరు, తప్పక పెట్టింది వేరు. మీ ఆలోచన ఈ ఐదింటిలో ఏది అన్నది ముందు తేల్చుకోండి. కోపంతో పుట్టిన ఆలోచన కోపం తగ్గితే పోతుంది. పని తెలిసి పుట్టినది నిలుస్తుంది.

నాలుగు కాళ్లు ఇప్పుడు మనకు ఉన్నాయా

ఎద్దు: పెట్టుబడి. మనకు భూమి తక్కువ, తాకట్టు పెట్టడానికి ఆస్తి తక్కువ. పథకాలు ఉన్నాయి. 2008 నుంచి ఉన్న ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమంలో పల్లెలో యూనిట్ పెట్టే ఎస్టీలకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, మన వాటా 5 శాతం. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు కొనే సరుకులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలని 2012 నుంచి నిబంధన ఉంది. ఈ 4 శాతం సంగతి మనలో ఎంతమందికి తెలుసు? అయితే సబ్సిడీ కోసమే వ్యాపారం పెట్టొద్దు. మిగతాది బ్యాంకు అప్పే, కట్టాల్సిందే.

మేత: నడిపే ఖర్చు. షాపు బాడిగ లేకుండా సొంతింటి ముందు పెట్టగలమా? ఇంట్లో ఒకరి జీతం ఆరు నెలలు సంసారం ఈడుస్తుందా? ఎద్దుకు ఉచిత మేత ఉన్నన్నాళ్లే లదేణి లాభం. మీ ఉచిత మేత ఏదో కాగితం మీద రాసుకోండి. అది కనపడకపోతే ఇంకా ఉద్యోగం వదిలే టైం రాలేదని అర్థం. ఇంకో మాట, ఇంట్లో అమ్మ, భార్య, చెల్లెలు చేసే పనిని "ఉచితం" అని రాసుకోకండి. లదేణిలో ఆడవాళ్లు సగం బరువు మోశారు, లెక్కలో మాత్రం రాలేదు. ఆ తప్పు మళ్లీ వద్దు.

దారి: బేరం ఎక్కడ. మన సరిహద్దు అవతల, బళ్లారి పక్కన సండూరులో మన లంబానీ ఆడవాళ్లు కుట్టే అద్దాల పనికి జిఐ గుర్తింపు వచ్చింది. 2023 జులైలో హంపిలో జి20 సమావేశం అప్పుడు 1,755 లంబానీ కుట్టు వస్తువులు ఒకచోట పెట్టి గిన్నిస్ రికార్డు సాధించారు. అదే కుట్టు మన తండాల ముసలమ్మల పెట్టెల్లోనూ ఉంది. కుట్టడం మనకు వచ్చు. ఎవరికి, ఎంతకు, ఏ దారిలో అమ్మాలో తెలిసినోళ్లు మనలో తయారు కావాలి. బెంగళూరులో ఉద్యోగం చేసే చెల్లెలికి ఆ దారి తండాలోని అవ్వ కంటే బాగా తెలుసు. ఇద్దరూ కలిస్తేనే వ్యాపారం.

తండా: గుంపు. ఒంటరిగా అప్పు చేసి ఒంటరిగా మునగొద్దు. మన చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ పని నుంచి 2008లో ధరణి అనే రైతుల సహకార సంఘం వచ్చింది. రాగులు, కొర్రలు లాంటి మెట్ట పంటలను సభ్యుల దగ్గర కొని, బాగుచేసి, పట్నంలో అమ్ముతుంది. వాన లేని నేలలో, చిన్న రైతులతో, గుంపుగా వ్యాపారం నడుస్తుందని అది మన కళ్ల ముందు ఉన్న రుజువు. పోయి చూసి రండి.

చివరిగా

ఈ పోస్టు చదివి రేపే రాజీనామా ఇవ్వమని మేం చెప్పడం లేదు. కరువు సీమలో ఒక్క నెల జీతం విలువ ఎంతో మనందరికీ తెలుసు. చదువుకునే తమ్ముళ్లు సర్కారు ఉద్యోగానికి చదవాలి, తప్పకుండా. ఉద్యోగంలో ఉన్నోళ్లు ఆ ఉద్యోగాన్ని దారి నేర్చుకునే లదేణి లాగా చూడాలి. లెక్కలు రాయడం, సరుకు కొనడం, మనుషులతో బేరం, ఏదో ఒకటి నేర్చుకోకుండా ఏడాది గడవనీయొద్దు. పెట్టాలనుకున్నోళ్లు శని, ఆదివారాల్లో చిన్నగా మొదలుపెట్టి చూడండి. నాలుగు కాళ్లలో మూడైనా గట్టిగా ఉన్నాయనిపిస్తే అప్పుడు ఇంట్లో కూర్చుని మాట్లాడండి.

"మనకు వ్యాపారం రాదు" అన్న మాట మాత్రం ఇక మన నోట రాకూడదు. రాదు కాదు, చేయనీయలేదు. రైలు, ఉప్పు, అడవి, పోలీసు రిజిస్టరు, ఇన్ని కలిస్తే గానీ మన పెద్దోళ్ల వ్యాపారం ఆగలేదు.

ఒక పని చేద్దాం. ఈసారి ఫిబ్రవరి 15కు సేవాగఢ్ పోయినప్పుడో, పండక్కి తండాకు పోయినప్పుడో, మీ ఇంట్లో అందరికంటే పెద్దోళ్లను అడగండి. మనోళ్లు ఏ దారిలో ఎద్దులు తోలారు, ఏం సరుకు వేశారు, ఏ ఊర్లో దిగేవాళ్లు, ఎరుకల వాళ్లయితే ఉప్పు ఎక్కడ ఎత్తుకునేవాళ్లు. విన్నది విన్నట్టు తారీఖు వేసి రాసి ఇక్కడ పెట్టండి. ఆ ముసలోళ్లు పోతే ఆ దారులు కూడా పోతాయి. అన్ని తండాలవీ కలిపి ఒక పటం గీద్దాం.

జై సేవాలాల్.